గళ్ల పుస్తకమా, కంప్యూటరా? క్రాస్ స్టిచ్ డిజైన్‌కి ఏది మేలు?

బొబ్బిలి వీణని క్రాస్ స్టిచ్‌లో, అంటే గడికో ఇంటూ గుర్తు కుట్టుతో కుట్టి మా విజయనగరం ఇంట్లో హాలు గోడకి పెడదామనుకున్నాను. 140 గళ్ల వెడల్పు, 90 గళ్ల ఎత్తు అనుకుంటే మొత్తం 12,600 గళ్లు. 14 కౌంట్ ఐడా గుడ్డ మీద, అంటే అంగుళానికి 14 గళ్లున్న దాని మీద, బొమ్మ 10 అంగుళాల వెడల్పు వస్తుంది. అదే 11 కౌంట్ అయితే దాదాపు 12.7 అంగుళాలు. షాపులో ఇలాంటి గళ్ల గుడ్డనే మ్యాటీ క్లాత్ అని అడిగితే కౌంట్ రాసి లేనిది కూడా ఇస్తారు, స్కేలు పెట్టి గళ్లు లెక్కపెట్టుకోవాల్సిందే. పొందూరులో ఉండే మా పిన్నికి కౌంట్ అంటే నూలు సన్నదనం. ఆ ఒక్క మాట మీద మా ఇద్దరికీ ఓ పూటంతా వాదన.

ముందు లెక్కల గళ్ల పుస్తకం తీశాను. దిండు గలీబు మూలకి పువ్వో, రుమాలు మీద పేరో అయితే దాన్ని మించింది లేదు. ఏ గడి నింపాలో మనమే తేలుస్తాం కాబట్టి అనవసరమైన కుట్టు ఒక్కటీ ఉండదు. వీణ దగ్గరకొచ్చేసరికి కుండ ఐదు గళ్లు ఎడమకి జరగాలని తెలిసింది. రబ్బరు అరిగింది, కాగితం చిరిగింది.

ఎక్సెల్‌లో కూడా గళ్లు చదరంగా చేసుకుని రంగులు నింపొచ్చు. రంగుతో పాటు ప్రతి గడిలో ఒక అక్షరం కూడా వేస్తే, ఏ రంగు ఎన్ని కుట్లో కౌంట్‌ఇఫ్ ఫార్ములా లెక్కేస్తుంది. అది రంగుని లెక్కపెట్టదు, అక్షరాన్నే లెక్కపెడుతుంది. అంతకు మించి దాంతో కుస్తీ పట్టకండి.

అసలు సాఫ్ట్‌వేర్ అంటే స్టిచ్ ఫిడిల్, పీసీస్టిచ్, విన్‌స్టిచ్ లాంటివి. స్టిచ్ ఫిడిల్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఉచితంగానే మొదలుపెట్టొచ్చు. అందరూ చేసే పనే నేనూ చేశాను: వీణ ఫొటో పెట్టి బటన్ నొక్కాను. 48 రంగులు వచ్చాయి. ఒక్క పనస చెక్కకే బోలెడు గోధుమ ఛాయలు, అవీ ఇక్కడో కుట్టు, అక్కడో కుట్టు. ఒక్కో కుట్టుకీ దారం మార్చి, వెనక ముడి దాచి కుట్టేసరికి ఏడాది గడుస్తుంది. 12 రంగులకి తగ్గించాను. చెక్క బాగానే కుదిరింది కానీ తీగలు మాయమయ్యాయి. గడి కన్నా సన్నగా ఉన్న గీతని ప్రోగ్రామ్ పక్క రంగులో కలిపేస్తుంది మరి. పిన్ని చూసి, "వీణేటే ఇది, చేపలా ఉంది!" అంది.

అందుకే ఫొటో మార్పిడిని నమ్మి నేరుగా సూది పట్టుకోవద్దంటాను. అంచు గీతలు మనం గీసుకుని, జరపడం, తిప్పడం, లెక్కపెట్టడం కంప్యూటర్‌కి వదిలేయాలి. ముగ్గు లాంటి డిజైన్లకైతే అది వరమే. పావు భాగం గీసి అద్దంలోలా తిప్పితే మిగతా మూడూ వచ్చేస్తాయి. సరి చుక్కల ముగ్గుకీ బేసి చుక్కల ముగ్గుకీ తేడా తెలిసినవాళ్లకి ఇందులో మెలిక వెంటనే అర్థమవుతుంది: మధ్య వరసని కూడా కలిపి తిప్పితే అది రెండుసార్లు పడుతుంది.

రంగుల నంబర్ల దగ్గర ఇంకో తిప్పలు. ప్రోగ్రాములు ఎక్కువగా డీఎంసీ కంపెనీ దారాల నంబర్లు ఇస్తాయి, నాకు ఇక్కడ సులువుగా దొరికేది యాంకర్ కంపెనీ దారం. డీఎంసీ 310 నలుపంటే యాంకర్‌లో 403. నలుపుకి సరే, గోధుమ రంగులకి పట్టికలో ఉండేది దగ్గరి ఛాయ మాత్రమే. స్క్రీన్ మీది రంగుని నమ్మకుండా లచ్చీలు వెలుతుర్లో పక్కపక్కన పెట్టి చూసి కొనండి.

నన్నడిగితే 40 గళ్ల వెడల్పు లోపు బొమ్మకి పుస్తకం చాలు. అది దాటితే ఉచిత సాఫ్ట్‌వేర్. నమూనాలు అమ్ముకునేవాళ్లు తప్ప డబ్బు కట్టి కొనక్కర్లేదు.

చివరికి వీణని 14 రంగుల్లో కుదించాను. తీగల్ని ఒంటి పోగుతో బ్యాక్ స్టిచ్ గీతలుగా విడిగా వేసుకున్నాను. పిన్ని ఈసారి చేప అనలేదు. కళ్లద్దాలు సవరించుకుని వేలితో లెక్కపెట్టి, "ఏడుండాలి కదే తీగలు?" అంది.

ఆరే వేశాను.