మేడ మీది కరాటే క్లాసు: హన్మకొండలో పెద్దవాళ్లు కూడా చేరదగ్గ చోటు

నలభై దాటాక కరాటే ఏంటని నేను పనిచేసే రైలింజన్ల షెడ్‌లో చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను. నక్కలగుట్టలో ఒక స్కూలు మేడ మీద, రేకుల కింద, పొద్దున అయిదున్నరకు మొదలయ్యే షోటోకాన్ అనే శైలి కరాటే క్లాసు ఇది. కింద బోర్డు కూడా ఉండదు. పిల్లలు ‘మేడ మీది కరాటే’ అంటారు. నేనూ తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయీ వెళ్తున్నాం. నేర్పే తీరుకు అయిదుకు అయిదు ఇస్తాను. వసతులకు మాత్రం మూడే.

ఇక్కడ ముందు చీపురు పట్టాలి. క్లాసుకు ముందు నేల ఊడ్చి తడిబట్ట పెట్టేది మనమే. బ్లాక్ బెల్టు వాళ్లకూ వంతు తప్పదు. ఒక డాక్టరు గారు, ఇంటర్ పిల్లాడు పక్కపక్కనే వంగి నేల తుడుస్తుంటే చూడటం నాకు చాలా ఇష్టం. తర్వాత అందరూ మోకాళ్ల మీద వరసగా కూర్చుని కాసేపు కళ్లు మూసుకోవాలి, మాస్టర్‌కూ ఒకరికొకరికీ వంగి నమస్కరించాలి. ఆలస్యంగా వస్తే గుమ్మం దగ్గరే కూర్చుని పిలుపు కోసం ఆగాలి. మాస్టర్ అరవరు, ఎవరి మీదా చెయ్యి ఎత్తరు. అయినా ఆ హాల్లో ఫోన్ మోగిన రోజు నేను చూడలేదు.

నన్ను పట్టి ఉంచింది హెయాన్ షోదాన్. కొత్తవాళ్లకు నేర్పే మొదటి కాటా, అంటే ఎదురుగా ఎవరూ లేకుండా ఒక్కరే వరస తప్పకుండా చేసే కదలికల సాధన ఇది. మొత్తం 21 కదలికలు. ఎడమకు తిరిగి కింది దెబ్బను ఆపడంతో మొదలవుతుంది. మధ్యలో పై దెబ్బలను ఆపుతూ మూడడుగులు, ఇంకోసారి గుద్దులతో మూడడుగులు, రెండు చోట్లా మూడో అడుగుకు గట్టిగా అరుపు. చివర్లో చేతి అంచుతో ఆపే నాలుగు కదలికలు. నిమిషం లోపే అయిపోతుంది. మొదలుపెట్టే ముందు మాస్టర్ మన కాళ్ల దగ్గర సుద్దముక్కతో గీత గీస్తారు. అడుగులన్నీ ఒకే పొడవున పడి, మలుపులు సరిగ్గా తిరిగితే ఆ గీత మీదికే వచ్చి ఆగుతాం. ఒక్క అడుగు పొట్టిదైనా జానెడు ఇవతల తేలుతాం. ఎవరూ తప్పు పట్టక్కర్లేదు, కిందికి చూసుకుంటే చాలు.

నేను కాజీపేట ఎలక్ట్రిక్ లోకో షెడ్‌లో ఫిట్టర్‌ని. బోల్టు బిగించాక బిగువు కొలిచే టార్క్ రెంచ్ పెట్టి చూసి పెయింట్ గుర్తు వేస్తాం. గట్టిగానే బిగించానని నోటితో చెబితే ఇంజను బయటికి పోదు. ఈ సుద్దగీత కూడా నాకు అట్లాంటిదే అనిపిస్తుంది. గుద్దేటప్పుడు నా వెనక కాలి మడమ లేస్తోందని మాస్టర్ నెలల తరబడి అదొక్కటే చెప్పారు. అది సరిపడేదాకా కొత్తది ఏదీ నేర్పలేదు. బలం నేల నుంచి తుంటికి, తుంటి నుంచి పిడికిలికి రావాలని తుంటి మీద తట్టి చూపించేవారు. మడమ ఆని, రెండో పిడికిలి నడుము దగ్గరికి సరిగ్గా లాక్కున్న రోజున ఆ తేడా నా చేతికే తెలిసింది. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చిన పొద్దుల్లో కూడా ఆ 21 కదలికలు మొదలైతే నిద్ర గుర్తుకు రాదు.

ఎదురుగా ఎవరూ లేకుండా గాలిలో గుద్దడం ఎందుకని పిల్లలు అడుగుతుంటారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ కాటా పోటీ వీడియో మాస్టర్ వాళ్లకు చూపిస్తారు. అందులో బంగారు పతకం గెలిచిన కియునా ర్యో ఒకినావా మనిషే, కరాటే పుట్టిన గడ్డ అది. షోటోకాన్‌కు మూలపురుషుడు ఫునకోషి గిచిన్ కూడా అక్కడివాడే. బడిపంతులుగా పనిచేసిన ఆయన 1922లో టోక్యోకు వచ్చి ఈ విద్యను ప్రదర్శించారు. కరాటేలో మొదటి దెబ్బ మనది కాకూడదన్నది ఆయన పెట్టిన నియమం. హెయాన్ కాటాలు అయిదూ కాచుకోవడంతోనే మొదలవుతాయి. మా క్లాసు పిల్లాడొకడు స్కూల్లో ఎవరినో కొట్టాడని తెలిసి మాస్టర్ వాడిని నెల పాటు కుమితేకు, అంటే జోడీగా కొట్లాడే సాధనకు, రానివ్వలేదు. కాటా మాత్రం రోజూ చేయించారు. నాకు అది చాలా సరైన శిక్ష అనిపించింది. మన ఓరుగల్లులోనే గణపతిదేవుడి ఏనుగుల దళాన్ని నడిపిన జాయప నాట్యం మీద గ్రంథం రాశాడు. యుద్ధం తెలిసినవాళ్లు అడుగు పడే తీరును ఇంత పట్టించుకోవడం మన ఊరికి కొత్త కాదు.

ఇక బెల్టుల సంగతి. రంగు బెల్టులు కరాటేకు మొదటి నుంచీ ఉన్నవి కావు. జూడోను స్థాపించిన కానో జిగోరో అందులో పెట్టిన డాన్ పద్ధతిని, అంటే బ్లాక్ బెల్టు స్థాయిలను, తీసుకుని ఫునకోషి 1924లో తన శిష్యులకు మొదటిసారి డాన్‌లు ఇచ్చారు. మా అమ్మాయి ఇంతకుముందు ఇంకో చోట నేర్చుకుంది. అక్కడ మూడు నెలలకో పరీక్ష, పరీక్షకో ఫీజు, ఫీజుకో రంగు. ఆకుపచ్చ బెల్టుతో ఇక్కడికి వస్తే మాస్టర్ ఒక కాటా చేయించి చూసి, “ఇది బ్యాగులో పెట్టుకో బిడ్డా, తెల్లది కట్టుకో. ఇందులో సిగ్గుపడేది ఏం లేదు” అన్నారు. ఇంటికి వచ్చేదాకా బండి మీద అది ఒక్క మాట మాట్లాడలేదు. మళ్లీ ఆకుపచ్చ రావడానికి చాలా కాలం పట్టింది. ఈ బెల్టును మాత్రం ఇంట్లో ఎవరినీ ముట్టుకోనివ్వదు. ఇక్కడ పరీక్ష ఎప్పుడనేది మాస్టరే చెప్తారు, మనం అడగకూడదు. నెల ఫీజు 800 రూపాయలు, పరీక్షకు బెల్టు ఖర్చు తప్ప ఏమీ తీసుకోరు.

లోపాలు ఉన్నాయి, అవీ చెప్పాలి. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి గది లేదు, ఇంటి నుంచే యూనిఫాం వేసుకుని రావాలి. ఇంతమంది ఆడపిల్లలు నేర్చుకునే చోట ఇది తప్పకుండా సరిచేయాలి. వానాకాలం రేకుల సందుల్లోంచి నీళ్లు కారి ఒక మూల జారుతుంది. బండ్లు రోడ్డు మీదే పెట్టాలి. పిల్లలు ఎంతవరకు వచ్చారో తల్లిదండ్రులకు విడమరిచి చెప్పే అలవాటు మాస్టర్‌కు లేదు. కొత్తవాళ్లకు దాంతో టెన్షన్ పెరుగుతుంది.

నెల రోజుల్లో ఆత్మరక్షణ నేర్చుకోవాలన్నా, సర్టిఫికెట్ త్వరగా కావాలన్నా ఈ క్లాసు మీకు పనికిరాదు. చేరాలనుకుంటే ముందు ఒక ఆదివారం వెళ్లి వెనక బల్ల మీద కూర్చుని మొత్తం చూడండి, మాస్టర్ కాదనరు. మోకాళ్ల నొప్పులుంటే మొదటి రోజే చెప్పండి. యాభై దాటిన ఒకాయనకు గుర్రం మీద కూర్చున్నట్టు మోకాళ్లు వంచి నిలబడే భంగిమను లోతు తగ్గించి నేర్పుతున్నారు, ఆయన మానకుండా వస్తున్నారు.