ఛాంపియన్‌షిప్ కోర్సట, పసుపు టీలట!

స్కాట్లండ్‌లో గోల్ఫ్ ఆడదామనుకునే వాళ్లకి ముందే చెబుతున్నాను. 'ఛాంపియన్‌షిప్ కోర్సు', అంటే పెద్ద పోటీలకి తగిన మైదానం, అన్న బోర్డు చూసి కార్డు బయటికి తీయకండి. బయటివాళ్లని ఏ టీల నుంచి, అంటే మొదటి దెబ్బ కొట్టే ఏ గుర్తుల దగ్గర్నుంచి, ఆడనిస్తారో కనుక్కుని తీయండి.

మేం వెళ్లింది ఎడిన్‌బరాకి గంట దూరంలో ఉన్న ఒక ప్రైవేటు క్లబ్బుకి. పేరు వద్దులెండి. గ్రీన్ ఫీజు, అంటే ఒక ఆటకి రుసుం, మనిషికి 180 పౌండ్లు. నాకూ బావకీ కలిపి 360 బుక్ చేసిన రోజే లాగేసుకున్నారు. చెట్ల మధ్య మెలికలు తిరిగే దారి, రాతి క్లబ్‌హౌసు, పాతకాలపు జమీందారు దివాణంలా ఉంది. మర్యాదలూ ఆ కాలానివే. కౌంటర్లో మనిషి మా మొహాలైనా చూడకుండా బావ ప్యాంటు చూశాడు. మోకాళ్ల దగ్గర జేబులున్నాయట, పనికిరాదట. పక్కనే వాళ్ల షాపు, అందులో 85 పౌండ్ల ప్యాంటు. బావ కొన్నాడు, ఆరో హోల్ దాకా, అంటే బంతి వేయాల్సిన ఆరో గుంట దాకా, నోరు విప్పలేదు.

అసలు దెబ్బ మొదటి టీ దగ్గర తగిలింది. వెనకనున్న తెల్ల గుర్తులవి పోటీలకీ సభ్యులకీ, మేం వాటికి ముందున్న పసుపు గుర్తుల దగ్గర్నుంచే కొట్టాలి. బ్రిటన్‌లో చాలా క్లబ్బుల పద్ధతి అదే, కాదనను. కానీ ఛాంపియన్‌షిప్ అన్న గొప్పంతా ఆ వెనక టీల పొడవులోనే కదా ఉంది! అక్కణ్ణుంచి కొట్టేవాణ్ణి పట్టుకోవడానికి తవ్విన బంకర్లు, అదే ఇసుక గోతులు, సగం మాకు అడ్డే రాలేదు. ఫీజు మాత్రం తగ్గలేదు. గ్రీన్లకి, అంటే హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డికి, వంక పెట్టలేను, అంత బాగున్నాయి.

మా ఆవిడా అక్కా ఆడరు. లాంజ్ సభ్యులకేనట, అతిథుల గదిలో ఏదో పార్టీ ఉందట. సన్నటి జల్లులో ఇద్దరూ నాలుగు గంటలు కార్లో కూర్చున్నారు. రెండు కాఫీలకీ ఒక సాండ్‌విచ్‌కీ 21 పౌండ్లు తీసుకుని, అవీ కార్లోకే పట్టుకెళ్లమన్నారు. "ఆ ప్యాంటుకీ ఈ కాఫీకీ పెట్టిన డబ్బుతో గద్వాల చీర వచ్చేదండీ," అని అక్క బావతో అంది. ఎడిన్‌బరా చేరేదాకా కార్లో ఇంకో మాట లేదు.

ఆ కోపం ఆదివారం సెయింట్ ఆండ్రూస్ అనే ఊళ్లో దిగింది. అక్కడి ఓల్డ్ కోర్సు మీద ఆదివారం మామూలుగా ఆట ఉండదు, పెద్ద టోర్నమెంట్లప్పుడు తప్ప. జనం కుక్కల్ని తీసుకుని ఫెయిర్‌వేల మీద, అంటే టీకీ గ్రీన్‌కీ మధ్య గడ్డి దారుల మీద, షికారు చేస్తారు. ఛాంపియన్లందరూ నడిచిన స్విల్కన్ వంతెన మీద మా ఆవిడ దర్జాగా ఫొటోలు దిగింది, పైసా ఖర్చు లేకుండా. ఒకటో, పద్దెనిమిదో ఫెయిర్‌వేలకి అడ్డంగా ఊరి రోడ్డే పోతుంది! గోల్ఫ్‌కి 18 హోల్సన్న లెక్క ఈ నేల మీదే మొదలైంది. అంతకుముందు 22 ఉండేవి, 1764లో తగ్గించారు.

మొదటి టీ వెనక కనబడే రాతి భవనం రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బుది. అది ప్రైవేటే, కోర్సు మాత్రం వాళ్లది కాదు, ఊరి ఉమ్మడిది. 1754లో పుట్టిన ఆ క్లబ్బు ఆడవాళ్లని సభ్యులుగా ఒప్పుకున్నది 2014లోనని చెబితే అక్క, "260 ఏళ్లా! మనల్ని నాలుగు గంటలేగా కూర్చోబెట్టారు, నయం," అని నవ్వింది. మర్నాడు అక్కాచెల్లెళ్లలా ఇద్దరూ బంతిని నేల మీదే దొర్లించి ఆడే 'హిమాలయాస్' పుటింగ్ గ్రీన్‌లో పోటీపడ్డారు. 1867లో ఆడవాళ్లే పెట్టుకున్న క్లబ్బుది అది, కొద్ది పౌండ్లిస్తే ఎవరైనా ఆడొచ్చు.

ఓల్డ్ కోర్సు ఆడాలంటే 2024 సీజన్‌లో ఫీజు 320 పౌండ్లు. ఆటగాడి స్థాయి చూపే హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ ఉండాలి. రెండు రోజుల ముందు మధ్యాహ్నం రెండులోపు లాటరీకి పేరివ్వాలి, అంటే సోమవారానికి శనివారం. కనీసం ఇద్దరుండాలి, ఒంటరివాళ్లకి వేరే డ్రా ఉంది. మాకు తగల్లేదు. పక్కనే 1895 నాటి న్యూ కోర్సులో అందులో సగం కూడా పెట్టకుండా ఆడాం, బావ హోల్ హోల్‌కీ కబుర్లే. ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు. లూకర్స్‌లో దిగి 99 నంబరు బస్సెక్కండి, గోల్ఫ్ బ్యాగుల కోసం టాక్సీ అక్కర్లేదు.