నిద్రా, పరదైసా, ఉత్తరించు స్థలమా? మరణానికీ తీర్పు దినానికీ మధ్య ఏ బోధ నిలుస్తుంది

క్రీస్తు తిరిగి వస్తాడు, మృతులు లేస్తారు, న్యాయపీఠం ముందు నిలబడతారు. ఇంతవరకు కాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ అడ్వెంటిస్టులకూ పేచీ లేదు. పేచీ అంతా ఈలోపు సంగతిలోనే. నిన్న సమాధి చేసిన మనిషి ఇవాళ ఎక్కడున్నాడు? పునరుత్థానం దాకా ఏమీ ఎరుగని నిద్రలో ఉన్నాడనేది ఒక జవాబు, అడ్వెంటిస్టులది. విశ్వాసి అయితే అప్పుడే క్రీస్తు దగ్గర ఉన్నాడనేది రెండోది, ఎక్కువమంది ప్రొటెస్టెంట్లది. కృపలో చనిపోయినా ఇంకా మలినం మిగిలినవాడు ఉత్తరించు స్థలంలో శుద్ధి పొందుతున్నాడనేది మూడోది, కాథలిక్కులది.

వాక్యాలు విప్పే ముందు ఒక పదం సంగతి తేల్చుకోవాలి. తెలుగు బైబిల్లో పాతాళం వేరు, నరకం వేరు. హెబ్రీలో షెయోల్, గ్రీకులో హేడెస్ ఉన్నచోట ఎక్కువగా పాతాళం అనీ, ప్రకటన 20లో మృతుల లోకం అనీ వేశారు. గెహెన్నా ఉన్నచోట నరకం అన్నారు. మొదటిది తీర్పు వరకే. ప్రకటన 20:14లో దాన్నే అగ్నిగుండంలో పడవేస్తారు. రెండోది తీర్పు తరువాతిది. ప్రసంగాల్లో ఈ రెండిటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం పుడుతోంది. చనిపోయి యాతన పడే ధనవంతుడు, అబ్రాహాము రొమ్మున చేరిన బీద లాజరుల వృత్తాంతాన్నే చూడండి. దాన్ని నరక వర్ణనగా చెబుతుంటారు గాని లూకా 16:23లో ఉన్న పదం పాతాళం. పైగా ఆ ధనవంతుడి ఐదుగురు సహోదరులు ఇంకా ఇంటి దగ్గర బతికే ఉన్నారు. అంటే అంత్య తీర్పు ఇంకా జరగలేదు.

నిద్ర అనే బోధను తేలిగ్గా తీసేయకూడదు. మనిషికి ఆత్మ అనేది విడిగా ఉండదు, మట్టికి జీవవాయువు కలిస్తే మనిషే జీవాత్మ అయ్యాడు అని ఆదికాండము 2:7 మీద దీన్ని కడతారు. దీని అసలు బలం 1 థెస్సలొనీకయులు 4లో ఉంది. అయినవాళ్లను పోగొట్టుకున్నవారిని పౌలు ఓదారుస్తూ “వాళ్లు పరలోకంలో సుఖంగా ఉన్నారు” అనలేదు; ప్రభువు వచ్చినప్పుడు లేస్తారు అన్నాడు. మన ఆదరణ కూడికల్లో ఆ మాట ఎంత తక్కువగా వినబడుతుందో గమనిస్తే ఈ బోధ దేన్ని కాపాడుతోందో అర్థమవుతుంది.

కానీ ఈ నిద్ర బోధ పట్టినవాళ్లు తరచూ ఎత్తే ప్రసంగి 9:5 వీళ్లకే అడ్డం తిరుగుతుంది. చచ్చినవారు ఏమియు ఎరుగరు అన్న ఆ వచనమే వాళ్లకు ఇక ఏ లాభమూ లేదని కూడా అంటుంది. దాన్ని సంపూర్ణ సిద్ధాంతంగా పట్టుకుంటే పునరుత్థానమూ పోతుంది. అది సూర్యుని క్రింద, అంటే ఈ లోకం వరకే, నిలబడి చూసినవాడి మాట. ఇక లూకా 23:43. పక్క సిలువ మీది దొంగతో యేసు “నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువని నిశ్చయముగా నీతో చెప్పుచున్నాను” అన్నాడు. పాత గ్రీకు ప్రతుల్లో విరామ చిహ్నాలు దాదాపు లేవు కాబట్టి “నేడు” అనే మాటను పరదైసుకు కాక చెప్పడానికి కలిపి “నేడు నీతో చెప్పుచున్నాను” అని చదవవచ్చంటారు. వ్యాకరణం ఒప్పుకుంటుంది, వాడుక ఒప్పుకోదు. “నిశ్చయముగా చెప్పుచున్నాను” అనే మాట సువార్తల్లో 70కి పైగా సార్లు వస్తుంది. మరెక్కడా “నేడు” చెప్పడానికి అతుక్కోదు. ఆ దొంగ అడిగింది రాజ్యం వచ్చే నాటి గురించి. యేసు ఇచ్చిన జవాబు ఈ రోజు గురించి. ఆ అడిగిన తీరులోనే ఆ “నేడు” బరువు తెలుస్తుంది.

రెండో బోధకు ఫిలిప్పీయులు 1:23, 2 కొరింథీయులు 5:8 ఆధారం; దేహం విడిచి క్రీస్తు దగ్గర ఉండాలని పౌలు అన్న మాటలివి. ప్రొటెస్టెంట్ల 1646 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం 32వ అధ్యాయంలో ఆత్మలు చావవు, నిద్రించవు అని తేల్చి రాసింది. దీనిలో దోషం బోధలో కన్నా బోధించే తీరులో ఉంది. చనిపోగానే అంతా పూర్తయిపోయినట్టు చెబితే శరీరం లేవడం అనవసరపు తోక అవుతుంది. పౌలు అలా అనుకోలేదు. శరీరం లేని ఆ స్థితిని 2 కొరింథీయులు 5లో వస్త్రం తీసేసినట్టుగా చెప్పి, దాన్ని కోరుకోవడం లేదన్నాడు. ప్రభువునొద్ద నివసించడం 8వ వచనంలో ఉంటే, దేహంతో చేసినవాటికి న్యాయపీఠం 10వ వచనంలోనే ఉంది. ఈ రెండిటినీ కలిపి చెప్పనివారు అధ్యాయాన్ని సగంలో మూసినట్టే.

కాథలిక్ సంఘంలోనూ ఇది ఒకప్పుడు తేలని విషయమే. ఆత్మలు అంత్య తీర్పు దాకా దేవుణ్ని ముఖాముఖి చూడవని పోపు 22వ జాన్ 1331 నుంచి ప్రసంగించాడు; 1334లో చనిపోయే ముందు ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. తరువాతి పోపు 12వ బెనెడిక్ట్ 1336లో దానికి భిన్నంగా నిర్ణయం ప్రకటించాడు.

ఉత్తరించు స్థలం గురించి బయట ఉన్న అపోహ, అది రెండో అవకాశం అని. కాదు. దేవుని కృపలో చనిపోయినవారికే అది. అక్కడికి వెళ్లిన ప్రతి ఆత్మా పరలోకం చేరుతుంది. 1563లో కాథలిక్ సంఘపు ట్రెంట్ సభ చెప్పింది కూడా రెండే మాటలు: అది ఉంది, ప్రార్థనలూ ముఖ్యంగా బలిపూజా (మాస్) అక్కడి ఆత్మలకు సహాయపడతాయి. కొలతల గురించీ కాలం గురించీ ఏమీ అనలేదు. సామాన్యుల ముందు చిక్కు ప్రశ్నలు ఎత్తవద్దని కూడా ఆజ్ఞాపించింది. ఆధారంగా చూపే 2 మక్కబీయులు 12 ప్రొటెస్టెంట్ల 66 పుస్తకాల్లో లేదు. ఉన్నా చిక్కు తీరదు. అక్కడ యుద్ధంలో చనిపోయిన యూదు సైనికుల దుస్తుల కింద విగ్రహాల తాయెత్తులు దొరికాయి, అంటే ఘోర పాపం. ఈ బోధ ప్రకారం ఘోర పాపంలో పశ్చాత్తాపం లేకుండా చనిపోయినవారికి ఉత్తరించు స్థలం వర్తించదు. పైగా వాళ్ల సేనాని యూదా వెండి పంపించి పాపపరిహార బలి చేయించింది పునరుత్థానాన్ని తలచుకుని. మృతుల కోసం ప్రార్థించే అలవాటుకు అది గట్టి సాక్ష్యం, శుద్ధి అగ్నికి కాదు. 1 కొరింథీయులు 3లో అగ్ని ఉంది, కానీ “ఆ దినము” పరీక్షించేది కట్టినవాడి పనిని: బంగారమా, కొయ్యకాలా అని. ఆర్థడాక్స్ సంఘాలు మృతుల కోసం ప్రార్థిస్తూనే ఈ అగ్నిని ఒప్పుకోకపోవడం ఇందువల్లే సబబుగా తోస్తుంది.

మూడిటినీ తూచితే రెండోదే వాక్యానికి దగ్గర, పునరుత్థానాన్ని మింగేయనంత వరకు. వేర్వేరు సంఘాలవారు కలిసే సమాధి ఆరాధనలో వాక్యం చదవాల్సి వస్తే యోహాను 11:25, 1 కొరింథీయులు 15:51–57, 1 థెస్సలొనీకయులు 4:13–18 తీసుకోండి. మూడు పక్షాలవారూ ఆమేన్ అనగలరు. లూకా 16, ప్రసంగి 9 ఆ పూట వద్దు. అవి బైబిలు పఠనంలో, గంట సమయం ఉన్నప్పుడు విప్పాల్సినవి.