ఎనిమిది అంగుళాల ఎఫ్/4 న్యూటోనియన్: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

ఆకాశ ఛాయాచిత్రాల కోసం ఎనిమిది అంగుళాల ఎఫ్/4 న్యూటోనియన్ టెలిస్కోపును కొన్నేళ్లుగా వాడుతున్నాను. న్యూటోనియన్ అంటే పెద్ద అద్దంతో వెలుతురును పోగుచేసి, చిన్న అద్దంతో దాన్ని గొట్టం పక్కకు పంపే టెలిస్కోపు. నాభ్యంతరాన్ని (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి ఉన్న దూరాన్ని) అద్దం వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఎఫ్ సంఖ్య, ఇక్కడ అది 4. ప్రధాన అద్దం వ్యాసం 200 మిల్లీమీటర్లు, నాభ్యంతరం 800 మిల్లీమీటర్లు, చిన్న అద్దం 70 మిల్లీమీటర్లది, గొట్టం ఉక్కుది. దానికి ఏపీఎస్-సీ పరిమాణపు (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సరున్న) శీతలీకరణ కెమెరాను, బొమ్మ అంచుల్లో నక్షత్రాల వికారాన్ని సరిచేసే ఒక కోమా కరెక్టర్‌ను తగిలించి, 20 కిలోలు మోయగల ఈక్వటోరియల్ మౌంట్ (భూభ్రమణానికి తగ్గట్టు టెలిస్కోపును తిప్పే ఆధారం) మీద పెట్టి నడుపుతున్నాను. హైదరాబాదు శివార్లలోని మేడ మీద కొంత, మహబూబ్‌నగర్ దాటాక చీకటి దొరికే పొలాల్లో ఎక్కువగా దీనితో పని చేశాను. మొదటిసారి కొనాలనుకునేవారి కోసం నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. పెట్టిన డబ్బుకు ఇంత వెలుతురును పోగుచేసే సాధనం మరొకటి లేదు. అయితే గొట్టం ధర మొత్తం ఖర్చులో ఒక భాగం మాత్రమే. మిగతా డబ్బూ ఓపికా దాని బిగింపుల మీద, అద్దాల అమరిక మీద పెట్టడానికి సిద్ధపడినవారికే అది తన విలువ చూపిస్తుంది.

ఎఫ్ సంఖ్య తక్కువగా ఉన్న ఇలాంటి టెలిస్కోపులను వేగవంతమైనవి అంటారు. ఆ వేగం అన్న మాటను ముందుగా స్పష్టం చేసుకోవాలి. నీహారికలు, గెలాక్సీల వంటి విశాలమైన వస్తువుల విషయంలో కెమెరాలోని ఒక్కొక్క పిక్సెల్ మీద పడే వెలుతురు ఎఫ్ సంఖ్య వర్గానికి విలోమంగా మారుతుంది. కాబట్టి ఎఫ్/7 టెలిస్కోపుతో మూడు గంటలు పట్టే వెలుతురు అదే కెమెరాకు ఎఫ్/4 దగ్గర సుమారు గంటలో చేరుతుంది. 70 మిల్లీమీటర్ల ఎఫ్/4 లెన్సుతో కూడా పిక్సెల్‌కు ఇంతే వెలుతురు వస్తుంది కదా అని అడిగితే, వస్తుంది. కానీ ఆ బొమ్మలో గెలాక్సీ చాలా చిన్నదిగా, వివరం లేకుండా ఉంటుంది. 3.76 మైక్రాన్ల పిక్సెళ్లున్న కెమెరాతో ఈ గొట్టం పిక్సెల్‌కు 0.97 ఆర్క్‌సెకన్ల కొలత ఇస్తుంది (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). మన వాతావరణం అనుమతించే వివరానికి ఇది సరిగ్గా సరిపోతుందని నా అనుభవం. పెద్ద అద్దం, పొట్టి నాభ్యంతరం రెండూ ఒకేచోట దొరకడమే ఈ సాధనానికున్న అసలు బలం.

తెలుగు రాష్ట్రాల్లో ఉండేవారికి ఈ వేగం విలాసం కాదు, అవసరం. జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బులు, ఏప్రిల్ మొదలైతే ధూళి, సాయంకాలపు ఉరుములు. నమ్మదగిన రాత్రులు నవంబరు నుంచి మార్చి వరకే. అందులోనూ వెన్నెల లేని వారాంతాలను ఏరితే చేతికి వచ్చేవి కొన్నే. అటువంటి ఒక్క రాత్రిలో ఒక గెలాక్సీని పూర్తిగా తీసుకుని, తెల్లవారేలోపు రెండోదానికి కూడా కొంత సమయం ఇవ్వగలగడం నాకు ఈ టెలిస్కోపు వల్లే సాధ్యమైంది.

ఇక దీని మొదటి షరతు కోమా. పరావలయాకారపు అద్దం బొమ్మ మధ్యలో మాత్రమే నక్షత్రాన్ని చుక్కగా చూపుతుంది. మధ్య నుంచి దూరం జరిగేకొద్దీ చుక్కకు తోక మొలుస్తుంది. ఆ తోక నిడివి ఎఫ్ సంఖ్య వర్గానికి విలోమంగా పెరుగుతుంది కనుక ఎఫ్/4 దగ్గర అది తీవ్రంగా ఉంటుంది. కరెక్టర్ లేకుండా దోషరహితంగా ఉండే వృత్తం వ్యాసం ఎఫ్/4 దగ్గర దాదాపు 1.4 మిల్లీమీటర్లే, నా కెమెరా సెన్సరు 23.5 మిల్లీమీటర్ల పొడవు, 15.7 మిల్లీమీటర్ల వెడల్పు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసినవారెవరూ కోమా కరెక్టర్ లేకుండా ఈ గొట్టాన్ని కెమెరాకు తగిలించరు. టెలిస్కోపు కొని, చవకైన కరెక్టర్ కోసం వెతకడం ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటం వంటిది.

కరెక్టర్ కొనడంతో పని అయిపోదు. చాలా కరెక్టర్లు తమ చివరి అంచు నుంచి సెన్సరు దాకా 55 మిల్లీమీటర్ల దూరాన్ని కోరుకుంటాయి. కెమెరాకూ కరెక్టర్‌కూ మధ్య ఫిల్టర్ పెడితే, దాని గాజు మందంలో సుమారు మూడో వంతును ఆ దూరానికి కలపాలి. రెండు మిల్లీమీటర్ల గాజుకు అది దాదాపు 0.7 మిల్లీమీటర్లు. ఇంత చిన్న తేడా కూడా మూలల్లోని నక్షత్రాల ఆకారంలో కనిపిస్తుంది. పలచని స్పేసర్ రింగులు కొన్ని దగ్గర ఉంచుకుని, ఒక్కొక్కటీ చేరుస్తూ, నాలుగు మూలలనూ పోల్చి చూసుకుంటూ సరైన దూరం పట్టుకోవాలి. నాలుగు మూలల్లో మూడు బాగుండి ఒకటి చెడితే దూరాన్ని మార్చి లాభం లేదు. అప్పుడు సెన్సరు వాలి ఉందని అర్థం.

ఆ వాలుకు మూలం చాలాసార్లు, కెమెరాను ముందుకూ వెనక్కూ జరిపి బొమ్మను స్పష్టం చేసే ఫోకసర్‌లో ఉంటుంది. న్యూటోనియన్‌లో కెమెరా గొట్టం పక్కన వేలాడుతుంది కాబట్టి, టెలిస్కోపు దిశ మారిన ప్రతిసారీ దాని బరువు ఫోకసర్‌ను వేరే వైపుకు లాగుతుంది. నా గొట్టంతో వచ్చిన ఫోకసర్ కంటితో చూడటానికి చక్కగా పనికొచ్చేది. కెమెరా, కరెక్టర్, ఫిల్టర్ చక్రం కలిపి తగిలించాక మాత్రం స్పష్టంగా ఒరిగేది. దాన్ని తీసి గట్టి ఫోకసర్ వేయించాను, మరలతో ఒత్తి పట్టే బిగింపు బదులు మరచుట్లతో నేరుగా బిగించే అమరిక పెట్టాను. ఈ రెండు మార్పుల తర్వాత బొమ్మల్లో వచ్చిన తేడా కెమెరా మార్చినప్పుడు కూడా రాలేదు.

కొలిమేషన్, అంటే రెండు అద్దాలనూ ఫోకసర్‌తో ఒకే అక్షం మీదికి తేవడం, ఈ టెలిస్కోపు వాడకంలో రోజువారీ పని. ఎఫ్/8 న్యూటోనియన్‌లో కంటికి కనిపించని పొరపాటు ఇక్కడ బొమ్మ సగాన్ని పాడు చేస్తుంది. నేను మొదట ఫోకసర్ కింద చిన్న అద్దం గుండ్రంగా, మధ్యలో కనిపిస్తోందో లేదో గొట్టంలాంటి సాధనంతో చూస్తాను. తర్వాత చిన్న అద్దం వాలును సరిచేసి, చివరగా అమరికను చూపే సాధనమైన చెషైర్‌తో ప్రధాన అద్దం మరలు తిప్పుతాను. లేజర్‌ను వాడేవారు ముందు ఆ లేజరే తిన్నగా ఉందో లేదో దాన్ని ఫోకసర్‌లో తిప్పి పరీక్షించాలి: చుక్క కదలకుండా నిలిస్తే అది నిక్కచ్చిగా ఉన్నట్టు, వృత్తం గీస్తే దాన్నే ముందు సరిచేయాలి.

ఇక్కడ కొత్తవారిని కలవరపెట్టే విషయం ఒకటుంది. పొట్టి నాభ్యంతరం వల్ల వెలుతురు శంకువు బాగా వెడల్పుగా ఉంటుంది. దాన్ని చిన్న అద్దం నలభై ఐదు డిగ్రీల వాలుతో కోస్తుంది. అందుచేత ఆ అద్దాన్ని ఫోకసర్‌కు ఎదురు దిక్కుకూ, ప్రధాన అద్దం వైపుకూ కొద్దిగా జరిపి అమర్చాలి. ఎఫ్/4లో 70 మిల్లీమీటర్ల అద్దానికి ఆ జరుగుడు సుమారు 4.4 మిల్లీమీటర్లు. ఫలితంగా అన్నీ సరిగ్గా ఉన్నప్పుడు కూడా, ఫోకసర్‌లోంచి చూస్తే చిన్న అద్దం నీడ నడిమధ్యలో ఉండదు, ఒక పక్కకు ఒరిగి కనిపిస్తుంది. అది దోషం కాదు. దాన్ని మధ్యకు తేవాలని మరలు తిప్పేవారు బాగున్న అమరికను పాడు చేసుకుంటారు.

ప్రధాన అద్దం కింద ఉండే స్ప్రింగులు బలహీనంగా ఉంటే, టెలిస్కోపు తూర్పు నుంచి పడమరకు తిరిగేలోపే అమరిక చెదురుతుంది. గట్టి స్ప్రింగులు చవకగా దొరుకుతాయి, తప్పక మార్చుకోవలసినవే. గొట్టాన్ని పట్టి ఉంచే రెండు రింగుల మీద పొడవాటి పట్టీ ఒకటి బిగిస్తే ఉక్కు రేకు వంగడం కూడా బాగా తగ్గుతుంది.

ఫోకస్ విషయంలోనూ అంతే కచ్చితత్వం కావాలి. ఎఫ్/4 దగ్గర ఫోకస్ సరిగ్గా ఉండే మండలం మందం దాదాపు 40 మైక్రాన్లు. ఉక్కు గొట్టం 800 మిల్లీమీటర్ల పొడవుకు పది డిగ్రీల ఉష్ణోగ్రత పడిపోతే దాదాపు 100 మైక్రాన్లు కుదించుకుంటుంది. డిసెంబరులో సాయంత్రానికీ తెల్లవారుజామున నాలుగు గంటలకూ మధ్య మన ప్రాంతంలో అంత తేడా రావడం మామూలే. సాయంత్రం, ఫోకస్ సరిచూసుకోవడానికి గొట్టం మూతి మీద పెట్టే గీతల ముసుగైన బఖ్తినోవ్ మాస్క్‌తో ఒక్కసారి చూసుకుని వదిలేస్తే అర్ధరాత్రికే నక్షత్రాలు ఉబ్బుతాయి. కంప్యూటర్ నడిపే ఫోకస్ మోటారు పెట్టి, రెండు డిగ్రీలు మారినప్పుడల్లా తిరిగి ఫోకస్ చేయించడం నాకు కుదిరిన పద్ధతి. అద్దం కూడా చల్లబడాలి కనుక గొట్టాన్ని బయట పెట్టి కనీసం గంటసేపు ఆగుతాను. వెనక చిన్న ఫ్యాను ఉంటే ఆ సమయం తగ్గుతుంది.

మౌంట్ గురించి పుస్తకాల్లో దొరికే సలహాలు ఎక్కువగా ఉత్తర దేశాల వారివి. మౌంట్ అక్షాన్ని ధ్రువ నక్షత్రం ఉన్న దిక్కుకు గురిపెట్టాలి. మన దగ్గర ఆ నక్షత్రం దిగంతం నుంచి పదహారు, పదిహేడు డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. దాని వల్ల రెండు చిక్కులున్నాయి. ఒకటి, అది పొగమంచులోనో చెట్ల వెనకో పక్కింటి మేడ వెనకో దాగి ఉంటుంది. అందుకని ఆకాశంలో ఏ మూలను చూసైనా ధ్రువ అక్షాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్ పద్ధతులు మనకు ఎంతో మేలు; ఎన్.ఐ.ఎన్.ఏ. అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లోని మూడు బిందువుల పద్ధతిని నేను వాడుతున్నాను. రెండోది, మౌంట్ అక్షం దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది కనుక, బరువులు వేసే కడ్డీ కిందికి దిగినప్పుడు ట్రైపాడ్ ఉత్తరపు కాలికి తగులుతుంది. కాళ్లను తిప్పి పెట్టుకోవడమో, మౌంట్ కింద పొడిగింపు కంబం వేయడమో దీనికి విరుగుడు. గొట్టం, కెమెరా, రింగులు అన్నీ కలిపితే బరువు 12, 13 కిలోలు అవుతుంది. ఇంత లావు గొట్టం గాలికి తెరచాపలా ఊగుతుంది. ఫొటోలకు మౌంట్ సామర్థ్యంలో మూడింట రెండు వంతులకు మించి మోపకూడదన్నది నా లెక్క. గైడింగ్ (ఒక నక్షత్రాన్ని గమనిస్తూ మౌంట్ కదలికను సరిదిద్దడం) తప్పు ఆర్క్‌సెకనుకు లోపల ఉంటే చాలు. గైడింగ్‌కు వేరే చిన్న టెలిస్కోపు కన్నా, అదే వెలుతురులోంచి కొంచెం తీసుకునే ఆఫ్-యాక్సిస్ గైడర్ ఈ గొట్టానికి బాగా నప్పింది.

వెలుతురు చొరబాటు చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. గొట్టం అడుగు తెరిచి ఉంటుంది. లాప్‌టాప్ కాంతి అక్కడి నుంచి దూరితే ఫ్లాట్ ఫ్రేములు (బొమ్మలోని అసమాన వెలుతురును, దుమ్ము మచ్చలను సరిదిద్దడానికి సమాన కాంతిలో తీసే ఫొటోలు) సరిపోలవు. అడుగుకు నల్లని గుడ్డ కట్టడంతో ఆ బాధ తీరింది. తెల్లవారుతున్నప్పుడు మూతి మీద తెల్లని నూలు బట్ట బిగించి అప్పుడే ఫ్లాట్లు తీసుకుంటాను. కెమెరాను తిప్పితే మళ్లీ తీస్తాను. ప్రకాశమైన నక్షత్రాల చుట్టూ నాలుగు కిరణాలు వస్తాయి. అవి చిన్న అద్దాన్ని మోసే నాలుగు రేకుల వల్ల వచ్చేవి. నాకవి ఇష్టం, ఇష్టం లేనివారు ఈ టెలిస్కోపు జోలికి పోకపోవడం మంచిది. ప్రధాన అద్దాన్ని పట్టుకునే క్లిప్పుల వల్ల మాత్రం అంచుల్లో వికారమైన నీడలు పడతాయి. 196 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న నల్లని వలయం పెడితే నాలుగు శాతం వెలుతురు పోతుంది, నక్షత్రాలు గుండ్రంగా వస్తాయి.

నగరంలో నుంచి హైడ్రోజన్, ఆక్సిజన్ వెలుతురును మాత్రమే రానిచ్చే ఫిల్టర్లతో తీసేవారికి ఒక హెచ్చరిక. ఎఫ్/4 శంకువు అంచు కిరణాలు ఫిల్టర్ మీద ఏడు డిగ్రీల వాలుతో పడతాయి. ఏటవాలుగా పడిన కిరణాలకు ఫిల్టర్ తెరుచుకునే రంగు నీలం వైపుకు, సుమారు ఒక నానోమీటరుకు పైగా జరుగుతుంది. 7 నానోమీటర్ల వెడల్పు రంగుపట్టీని రానిచ్చే ఫిల్టర్‌తో ఇది తెలియదు. 3 నానోమీటర్ల ఫిల్టర్ కొంటే మాత్రం వేగవంతమైన టెలిస్కోపుల కోసం సవరించి చేసినదే కొనాలి, లేకపోతే వెలుతురును పోగొట్టుకోవడానికి ఎక్కువ డబ్బు ఇచ్చినట్టవుతుంది.

అద్దాల సంరక్షణలో వానాకాలమే ముఖ్యం. గొట్టం రెండు చివరలా మూతలు పెట్టి, లోపల సిలికా జెల్ సంచులు వేసి, పొడి గదిలో ఉంచుతాను. అద్దం మీద కొంత దుమ్ము ఉన్నా బొమ్మకు నష్టం లేదు. తరచుగా తుడిచే చేతులే దుమ్ము కన్నా ఎక్కువ హాని చేస్తాయి. తప్పనిసరైనప్పుడు అద్దాన్ని విప్పి, డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి, దూది బరువు తప్ప వేలి ఒత్తిడి లేకుండా కడిగి, నిలబెట్టి ఆరబెట్టాలి. చలికాలపు తెల్లవారుజామున చిన్న అద్దానికి మంచు పడుతుంది, దాని వెనక అంటించే చిన్న హీటర్ అవసరమే.

దీనితో తీయదగినవి ఏమిటంటే, జనవరిలో ఓరియన్ నీహారిక, గుర్రపు తల నీహారికతో పాటు జ్వాలా నీహారిక, కృత్తికలు ఈ ఫ్రేములో హాయిగా ఒదుగుతాయి. మార్చిలో సింహరాశిలోని మూడు గెలాక్సీల గుంపు దీనికోసమే అమర్చి పెట్టినట్టు ఉంటుంది. ఆండ్రోమెడా గెలాక్సీ మూడు డిగ్రీల పొడవు కనుక 1.68 డిగ్రీల ఫ్రేములో పట్టదు, ముక్కలుగా తీసి కలపాలి. దక్షిణాన ఒమేగా సెంటారీ గుచ్ఛం మన దగ్గర ఇరవై ఆరు డిగ్రీల ఎత్తుకు వస్తుంది. యూరప్ మిత్రులు ఎక్కువమందికి దక్కని ఆ గుచ్ఛాన్ని, అంచుల దాకా విడివిడి చుక్కలుగా, నిమిషం నిడివి ఎక్స్‌పోజర్లతోనే ఈ గొట్టం తీసిపెట్టింది. గ్రహాల ఫొటోల మీద ప్రధానంగా ఆసక్తి ఉన్నవారు దీన్ని కొనవద్దు. వారికి పొడవైన నాభ్యంతరం కావాలి.

మొదటి టెలిస్కోపుగా దీన్ని సిఫారసు చేస్తానా అంటే, మౌంట్, గైడింగ్, ఫ్లాట్లు, కాలిబ్రేషన్ (ఫొటోల్లోని కెమెరా దోషాలను తీసివేయడం) అప్పటికే చేతికి అలవాటైనవారికి నిస్సంకోచంగా చేస్తాను. అన్నీ ఒకేసారి మొదలుపెట్టేవారికి 150 మిల్లీమీటర్ల ఎఫ్/5 న్యూటోనియన్ మేలు. దాని కోమా రహిత వృత్తం దీనికి రెట్టింపు, ఫోకస్ మండలం ఒకటిన్నర రెట్లు, బరువు తక్కువ. ఎక్స్‌పోజర్ మాత్రం ఒకటిన్నర రెట్లకు కొంచెం పైగా పడుతుంది. ఎఫ్/4నే తీసుకుంటామనేవారు ముందు మౌంట్ మీద, తర్వాత కరెక్టర్ మీద, ఆ తర్వాత ఫోకసర్ మీద డబ్బు పెట్టి, కెమెరాను ఏపీఎస్-సీ దగ్గరే ఆపడం మంచిది. ఫుల్ ఫ్రేమ్ సెన్సరుకు 70 మిల్లీమీటర్ల చిన్న అద్దం మూలల దాకా వెలుతురు పంచలేదు, రెండంగుళాల కరెక్టర్లలో చాలావాటికి అంత దూరం సరిదిద్దే శక్తి లేదు.