నెల్లూరులో కొన్న బేబీ కుర్చీ: ఆరు నెలలు వాడాక నా మాట

ముందే చెప్తున్నా, కుర్చీ కంపెనీ పేరు గానీ షాపు పేరు గానీ రాయడం లేదు. ఇదే అచ్చు కుర్చీకి రంగు మార్చి, స్టిక్కర్ మార్చి నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు, ట్రంకు రోడ్డులో ఒక్క సాయంత్రం తిరిగితే మీకే కనపడుతుంది. అందుకని పేరు కంటే అందులో ఏం చూసుకోవాలో తెలిస్తే మేలు. నీలం రంగు ప్లాస్టిక్ ట్రే, నాలుగు కాళ్లు, వాటిలో రెండింటికి చక్రాలు, మెత్తటి కుషన్, వీపు వైపు మూడు మెట్లుగా వెనక్కి వాలే ఏర్పాటు. 3,900 చెప్పి 3,400కి ఇచ్చారు. మా ఆవిడని అడక్కుండా కొన్నాను, ఆ సంగతి ఇప్పటికీ వారానికోసారి వింటున్నాను.

కొనడానికి కారణం మావాడికి ఆరు నెలలు నిండటం. పొగతోటలో డాక్టరు గారికి చూపించినప్పుడు, తల్లిపాలు మానకుండా పైతిండి మొదలుపెట్టమన్నారు. మెత్తగా నలిపింది స్పూనుతో పెడుతూనే, చేత్తో పట్టుకునే మెత్తటి ముక్కలు కూడా మెల్లగా అలవాటు చెయ్యండి, ఎనిమిదో నెలకల్లా తనంతట తను తీసుకుని తినేలా ఉండాలి అన్నారు. బయటికి రాగానే మా అమ్మ, "పళ్లే రాని బిడ్డకి ముక్కలేందిరా, ఆయనకేమన్నా మతి పోయిందా" అనింది. ఆమె తప్పు లేదు, మమ్మల్ని పెంచింది పలచటి రాగి జావతో, ఏడాది దాకా అదే. కానీ చిగుళ్లతో ఎంత నమలొచ్చో తెలియాలంటే ఆరు నెలల బిడ్డ నోట్లో వేలు పెట్టి చూడాలి, నేను చూశాను, మళ్లీ చూడను.

షాపు కుర్రాడు గొప్పగా చూపించింది ఆ వెనక్కి వాలే ఏర్పాటునే. "సార్, పడుకోబెట్టి కూడా తినిపించొచ్చు, మూడు పొజిషన్లు" అన్నాడు. నేను డబ్బులిచ్చింది కూడా దానికే, ఇప్పుడు నవ్వొస్తోంది. ముక్క నోట్లో ఉన్న బిడ్డని వెనక్కి వాల్చితే ఆ ముక్క జారేది గొంతులోకే, బయటికి ఉమ్మడానికి వాడికి వీలుండదు. తినేటప్పుడు వీపు నిటారుగా ఉండాల్సిందే. మెడ నిలబడి, కాస్త ఆసరాతో కూర్చోగలిగాకే కుర్చీ ఎక్కించాలి, అంతకు ముందైతే కొనడమే దండగ. మేము ఆ లివరు మీద టేపు చుట్టేశాం, మా అమ్మ గానీ ఇంటికొచ్చిన చుట్టాలు గానీ పొరపాటున లాగకుండా.

అసలు గొడవ కాళ్ల దగ్గర. మొదటి రెండు వారాలు మావాడు అయిదు నిమిషాలు కూడా ఉండేవాడు కాదు. ఒక పక్కకి జారిపోవడం, ట్రేని గుద్దడం, ఏడుపు. ఆకలి లేదనుకున్నాం, దిష్టి తీశాం, పుల్లటి దోసె పడలేదేమో అని అనుమానపడ్డాం. ఒక ఆదివారం పొద్దున కింద కూర్చుని వాణ్ణి ముందర కూర్చోబెట్టుకుంటే, వాడి పాదాలు నా తొడ మీద ఆనాయి. కుదురుగా కూర్చుని సగం ఇడ్లీ రెండు చేతులతో నలిపి నలిపి మింగేశాడు. అప్పుడు కుర్చీ వైపు చూస్తే విషయం అర్థమైంది. కాళ్లు పెట్టుకునే పలక ఉంది గానీ అది రెండేళ్ల పిల్లవాడికి అందే లోతులో ఉంది, మావాడి కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. ఎత్తు స్టూలు మీద కాళ్లు వేలాడేసుకుని మనం భోంచేస్తే నడుం ఎట్టా లాగుతుందో వాడికీ అట్టానే, పైగా వాడు పడిపోకుండా పట్టుకోవడమా, తినడమా అన్న టెన్షన్‌లో ఉంటాడు. వీధి చివర వడ్రంగి దగ్గర చిన్న ప్లైవుడ్ ముక్క కోయించి, అంచులు గీకించి, రెండు చిల్లులు పెట్టించి తాడుతో కుర్చీ కాళ్లకి బిగించాను, మోకాళ్లు సరిగ్గా మడతపడి పాదాలు పూర్తిగా ఆనేంత ఎత్తులో. ఖర్చు 60 రూపాయలు. 3,400 పెట్టిన కుర్చీలో పనికొచ్చే భాగం ఆ 60 రూపాయల చెక్కే అంటే నమ్మండి.

ట్రే కూడా దూరం. బిడ్డ పొట్టకీ ట్రేకీ మధ్య జానెడు సందు, ముక్క జారితే ఒళ్లోకే. పాత తువ్వాలు చుట్టి వీపు వెనక పెడితే సరిపోయింది. చక్రాల సంగతి మాత్రం సరిపోలేదు. రెండింటిలో ఒక్కదానికే బ్రేకు, మా ఇంట్లో నున్నటి టైల్సు, మావాడు ఒకరోజు డైనింగ్ టేబుల్ అంచుకి కాళ్లు తన్నిపెట్టి తోసుకున్నాడు, కుర్చీ వెనక్కి దొర్లి సోఫాకి కొట్టుకుంది. వాడు నవ్వాడు, మాకు గుండె జారింది. ఆ రాత్రే చక్రాలు పీకేశాను. మెచ్చుకోవాల్సిందేమిటంటే బెల్టు, భుజాల మీద నుంచీ కాళ్ల మధ్య నుంచీ అయిదు చోట్ల పట్టుకుంటుంది, గట్టిగా ఉంది. ట్రే ఉంది కదా అని బెల్టు పెట్టకుండా వదిలేసే వాళ్లని చూశాను, ట్రే ఆపదండీ, కింద నుంచి జారిపోతారు.

కుషన్ గురించి ఏం చెప్పను. బొమ్మలు బాగున్నాయి. కుట్ల సందుల్లో పప్పన్నం దూరి ఎండిపోతుంది, తడిగుడ్డతో రాదు, మూడో రోజుకి చీమల బారు. ఉతికితే రెండు రోజులు ఆరదు. నున్నటి ప్లాస్టిక్ సీటు చాలు, కుషన్ ఉన్నదానికి అయిదొందలు ఎక్కువ అంటే ఇవ్వొద్దు.

ఇక ఆ ట్రే మీద ఏం పెట్టామో చెప్పకపోతే కుర్చీ సంగతి సగమే అవుతుంది. మొదట గెనుసుగడ్డ. ఉడికించి, మన చూపుడు వేలంత పొడుగు ముక్కలు. ఆరేడు నెలల పిల్లలు పిడికిలితో పట్టుకుంటారు, పిడికిలి దాటి పైకి ఉన్న భాగమే నోటికి అందుతుంది, అందుకే పొడుగు ఉండాలి. చిన్న చిన్న ముక్కలు చేస్తే పిడికిట్లోనే ఉండిపోతాయి, వాడికి కోపం వస్తుంది. తొమ్మిదో నెల దగ్గర బొటనవేలూ చూపుడువేలూ కలిపి గిల్లి తీయడం వచ్చింది, అప్పటి నుంచి శనగగింజంత ముక్కలు, ఒక్కొక్క మెతుకు కూడా వదలడు. ఏదైనా సరే మన రెండు వేళ్ల మధ్య నొక్కితే నలిగిపోవాలి, అదీ కొలత. క్యారెట్ ఉడికినా ఆ కొలతకి రాకపోతే మళ్లీ కుక్కర్లోకే.

ఇడ్లీ బాగా పనికొచ్చింది, కాకపోతే పొడిగా ఉంటే గొంతుకి అడ్డం పడుతుంది, కాస్త పప్పుకట్టులో తడిపి ఇచ్చాం. దోసె పీలికలు, ఆమ్లెట్ పీలికలు, పప్పులో ఉడికిన సొరకాయ. ఆరు నెలలు దాటాక ఒంట్లో ఇనుము నిల్వ తగ్గుతుందట, అందుకని గుడ్డు, చేప వాయిదా వెయ్యలేదు. వంజరం ముక్క ఉప్పూ కారం లేకుండా ఆవిరి మీద ఉడికించి, ముల్లు కోసం ప్రతి పొరా నేనే వేళ్లతో తడిమి ఇచ్చాను, నెల్లూరులో పుట్టి చేప తినకపోతే వాడిని ఊళ్లోకి రానివ్వరని మా నాన్న జోకు. బీట్‌రూట్ పెట్టిన మర్నాడు డైపర్ చూసి మా ఆవిడ నాకు డ్యూటీలో ఉండగా నాలుగు ఫోన్లు చేసింది, ఎరుపు చూసి భయపడొద్దు. గూడూరు నిమ్మకాయ చెక్క ఒకసారి నాకించి ఆ మొహం వీడియో తీశాం, అది పోషకాహారం కోసం కాదు, మా ఆనందం కోసం.

ఉప్పూ చక్కెరా ఏడాది దాకా వద్దన్నారు, వెయ్యలేదు. తేనె మాత్రం అసలు వద్దు, ఏడాది లోపు బిడ్డకి అందులోని సూక్ష్మజీవుల వల్ల బొటులిజం అనే జబ్బు రావచ్చు, నాలిక మీద చుక్కే కదా అన్నా కుదరదు. కుర్చీ కొన్న చోటే నోట్లో కరిగిపోయే పఫ్‌లు, 6 నెలల పైన అని రాసిన డబ్బా కూడా అంటగట్టారు. పెట్టాను, వాడికి నచ్చాయి. కానీ నాలిక తగలగానే కరిగిపోయేదాన్ని నమలడం ఎట్టా నేర్చుకుంటాడు, పైగా ఆ డబ్బా డబ్బుతో వారం రోజుల గెనుసుగడ్డలు వస్తాయి.

భయం సంగతి దాచను. రెండో వారంలో అరటిపండు పెద్ద ముక్క కొరికి, కళ్లలో నీళ్లు, మొహం ఎర్రగా, ఓక్ ఓక్ అని చప్పుడు. మా అమ్మ పరిగెత్తుకొచ్చి నోట్లో వేలు పెట్టబోయింది, ఆపాను. చప్పుడు వస్తుంటే, దగ్గుతుంటే గాలి ఆడుతున్నట్టే, వాడే బయటికి తోసేస్తాడు, తోశాడు కూడా. కనపడని ముక్క కోసం వేలు పెడితే దాన్ని ఇంకా లోపలికి నెట్టినట్టవుతుంది. భయపడాల్సింది చప్పుడే లేనప్పుడు, ఏడవలేక, దగ్గలేక, పెదాలు నీలంగా మారినప్పుడు. ఏడాది లోపు బిడ్డనైతే తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పెట్టి భుజాల మధ్య అయిదు దెబ్బలు, అప్పటికీ రాకపోతే తిప్పి రొమ్ము మధ్య ఒక అరచేతిలో మణికట్టు దగ్గరి భాగంతో అయిదు నొక్కులు, ఇంకొకరు 108కి ఫోను. ఇది మొదటి ముక్క పెట్టకముందే ఇంట్లో అందరూ నేర్చుకోండి, మేము బొమ్మ మీద చేసి చూపించి మా అమ్మతో కూడా చేయించాం. వేరుశనగలు, గుండ్రటి ద్రాక్ష, పచ్చి క్యారెట్, పచ్చి ఆపిల్, పాప్‌కార్న్ మా ఇంట్లో ట్రే దగ్గరికి రావు. ద్రాక్ష ఇవ్వాల్సి వస్తే నిలువునా నాలుగు చీలికలు. ఇంకోటి, వాడు తింటుంటే పక్కన మనిషి ఉండాలి, ఫోను చూసే మనిషి కాదు.

మా బావ ఉదయగిరి నుంచి తెచ్చిన కొయ్య స్పూను ఒకటుంది, నర్ది చెక్కతో చేసింది, తేలిక. దాన్ని వాడి చేతికే ఇచ్చేశాం. అన్నం అందులో నిలిచింది తక్కువ, కొరికింది ఎక్కువ. కుర్చీతో పాటు వచ్చిన ప్లాస్టిక్ స్పూను ఎక్కడుందో ఇప్పటికీ తెలియదు.

కొనొచ్చా అంటే, మీ ఇంట్లో టేబుల్ దగ్గర తినే అలవాటు ఉంటే కొనండి, కానీ కాళ్ల పలక ఎత్తు మార్చుకునేది, చక్రాలు లేనిది, కుషన్ లేనిది చూసుకోండి, వెనక్కి వాలేదానికి పైసా ఎక్కువ ఇవ్వొద్దు. ఇంట్లో అందరూ కింద కూర్చుని తింటుంటే ఈ ఎత్తు కుర్చీ అసలు వద్దు, వాడొక్కడూ పైన, మనమంతా కింద, మనం ఎట్టా తింటున్నామో వాడికి కనపడదు. గోడకి ఆనించి మెత్త వేసి చిన్న పీట ముందర పెడితే చాలు, మా అక్క పిలకాయలు ఇద్దరూ అట్టానే నేర్చుకున్నారు.

మావాడికి ఏడాది నిండింది. ట్రే కూడా తీసేసి కుర్చీని టేబులుకి జరిపేశాం, కారం వెయ్యకముందు తీసి పక్కన పెట్టిన మా కూరే తింటున్నాడు. మొన్న పక్కింటి వాళ్లు పాతదైతే ఇస్తారా అని అడిగారు. రెండేళ్లు నిండాక 1,500కి ఇస్తానన్నాను, కుషన్ ఉండదు, చక్రాలు ఉండవు, లివరుకి టేపు చుట్టి ఉంటుంది, చెక్క మాత్రం విప్పకండి అని చెప్పాను.