గుంటగట్ల మీదికి ఎక్స్‌ఎల్ మేలా, బైకు మేలా?

విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యల గుంటలు పెట్టేవాళ్లు పంట మొదట్లో తప్పకుండా అడుగుతారు: గట్ల మీద తిరగడానికి ఏ బండి కొనాలి? చాలామంది తాము నెల్లూరు నుంచి వచ్చిపోయే రోడ్డును చూసుకుని కొంటారు. కానీ దాన్ని గట్టు మీద నడిపేది మేత వేసే మనిషి. రోజుకు నాలుగు మేతలు, మధ్యలో రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రేలు, రాత్రిపూట నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ల కాపలా. దెబ్బ తగిలేది అతనికే. కొనేముందు అతని తిరుగుడు చూడాలి.

గట్టు మీద ఎవరూ వేగంగా పోరు. బండి కాలి మీద పడడం, వేడి సైలెన్సర్ పిక్కకు అంటుకోవడం, గుంటలోకి జారితే బండి కింద నీళ్లలో ఇరుక్కోవడం, ఇవీ ఇక్కడి ప్రమాదాలు. అందుకే నేను ముందు చూసేది ఒక్కటే: చక్రం జారగానే మనిషి బండి వదిలేసి పక్కకు అడుగు వేయగలడా? టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100లో మోకాళ్ల మధ్య ట్యాంకు అడ్డం లేదు, బరువు 90 కిలోల లోపే. 100 సీసీ బైకులు 110 కిలోలకు అటూఇటూ ఉంటాయి. పైగా సీటు మీదుగా కాలు తిప్పి దిగేలోపే బండి మీద పడుతుంది.

అయితే 25 కిలోల మేత బస్తా ఎక్స్‌ఎల్ ముందర కాళ్ల దగ్గర పెడితే ఈ మేలంతా పోయినట్టే. బస్తా వెనకే కట్టాలి, అదీ ఒక్కటే. రెండోదానికి ఇంకో తిరుగు. హ్యాండిల్‌కు బకెట్లు తగిలించొద్దు.

బైకుకున్న గట్టి మేలు గట్టు దిగే ర్యాంపు దగ్గర తెలుస్తుంది. ఫస్ట్ గేరులో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఎక్స్‌ఎల్‌లో వేగం బాగా తగ్గితే క్లచ్ విడిపోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఉప్పునీళ్లకు బ్రేకు కేబుళ్లు తుప్పుపట్టి బిగుసుకుంటాయి కాబట్టి వారానికోసారి మంచినీళ్లతో కడిగి ఆయిలు వేయాలి.

స్కూటరు చిన్న చక్రాలు బురదలో దిగబడతాయి. నాలుగు చక్రాల ఏటీవీకి మన గట్ల వెడల్పు చాలదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ఏ బండికైనా బంకమట్టి మడ్‌గార్డులో నిండి ముందు చక్రం తిరగదు. అలాంటప్పుడు నడిచిపోవడమే మంచిది.

బండి ఏదైనా, పక్షులు రాకుండా కట్టిన నైలాన్ తాళ్లు గట్టును దాటేచోట ఏడడుగుల పైనే ఉండాలి. రాత్రి లైటుకు కనపడేలా తెల్లగుడ్డ పీలికలు కట్టండి, లేదంటే అవి నేరుగా మెడకే తగులుతాయి. ఏరియేటర్ కేబులు గట్టు దాటేచోట పైపులో పెట్టి మట్టిలో పూడ్చండి.