కాయిన్ బాక్స్ ఫోన్: ఆరేళ్లు వాడాక

ఎర్రగడ్డ ఆదివారం సంతలో 800 రూపాయలకు కొన్నాను. ఒకప్పుడు కిరాణా కొట్ల ముందు, టీ బండ్ల పక్కన ఉండే ఎర్ర రూపాయి ఫోన్ ఇది. ఆరేళ్లుగా మా హాల్లో ఉంది. ఇంట్లో అందరం వాడతాం.

కొన్న కొత్తలో డిస్‌ప్లే సగం పోయినట్టే అనిపించింది. అంకెల్లో కింది గీత పడేది కాదు. 8 నొక్కితే ఇంగ్లిష్ ‘ఏ’ అక్షరం, 0 నొక్కితే బోర్లించిన గిన్నె. విప్పి చూస్తే, గాజుపలకకీ బోర్డుకీ మధ్య సన్నటి రబ్బరు పట్టీ ఉంది. జీబ్రా స్ట్రిప్ అంటారు. కరెంటు దాని గుండానే గాజులోకి వెళ్తుంది. దాని మీద మట్టి పేరుకుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మరలన్నీ సమానంగా బిగించాను. గీతలన్నీ తిరిగొచ్చాయి. అందుకే డిస్‌ప్లే పాడైన ఫోన్ దొరికితే, ముందు ఆ పట్టీ చూడండి.

అసలు టెన్షన్ పెట్టింది టైమర్. ఇంటి లైన్‌కి తగిలిస్తే డయల్ టోన్ వచ్చేది, అవతలివాళ్లు ఎత్తేవాళ్లు, కానీ సెకన్లు కదిలేవి కావు. రూపాయి గొంతులోనే ఆగిపోయేది. వారం రోజులు బోర్డు మీదే అనుమానపడ్డాను. తీరా చూస్తే లోపం ఫోన్‌లో లేదు. అవతల ఎత్తగానే ఎక్స్ఛేంజీ లైన్‌లో ప్లస్, మైనస్‌లను తారుమారు చేస్తేనే ఈ ఫోన్‌కి కాల్ కలిసిందని తెలుస్తుంది. దాన్నే పోలారిటీ రివర్సల్ అంటారు. మా లైన్‌కి ఆ సదుపాయం లేదు. మామూలు ఫోన్‌ని ఇంటర్నెట్ మీద పనిచేయించే ఏటీఏ బాక్స్ తెచ్చి, అందులో ఆ సెట్టింగ్ ఆన్ చేశాను. అక్కకి ఫోన్ చేస్తే, తను “హలో” అన్న క్షణంలోనే రూపాయి టక్కున పెట్టెలో పడింది, తెర మీద 60 కాస్తా 59 అయింది. ఆ రోజు నా ఆనందం ఇంతా అంతా కాదు.

2011లో వచ్చిన చిన్న రూపాయి బిళ్ల ఇందులో చెల్లదు. అది 22 మిల్లీమీటర్లే. ఈ ఫోన్ తీసుకునేది 25 మిల్లీమీటర్ల, 4.85 గ్రాముల పాత స్టీలు బిళ్లనే. అలాంటివి ఓ ఇరవై ఏరి డబ్బాలో పెట్టాం, తిప్పి తిప్పి వాటినే వేస్తాం. చివర్లో బీప్ వినపడగానే అమ్మ ఇప్పటికీ గబగబా మాట్లాడేస్తుంది.

డిస్‌ప్లేకి వెనక లైటు లేదు. రాత్రిపూట అంకెలు చదవలేం. ఇంకో మాట, కొనేముందు పెట్టె తాళంచెవి అడిగి తీసుకోండి. నాకు ఇవ్వలేదు, డ్రిల్లుతో తీయించాల్సి వచ్చింది.